ఆదివారం వస్తుందంటేనే భయమేస్తోంది

ఉత్తరం నాలుగు పేజీలుంది, పేరు వేయొద్దన్నారు, అందుకని కుదించి చెప్తున్నా. ఆవిడకి 34 ఏళ్ళు. పాపకి ఆరేళ్ళు, బాబుకి వచ్చే నెలలో మూడు నిండుతాయి. బాబు పుట్టాక ఉద్యోగం మానేశారు, అప్పట్నుంచీ ఒక్క జీతం మీదే ఇల్లు నడుస్తోంది. మామూలు రోజులు ఎలాగో లాక్కొస్తున్నారు, బాధంతా శని ఆదివారాలతోనే. శనివారం కళ్ళు తెరవగానే పాప "ఇవాళ ఎక్కడికి?" అంటుంది, ఆయన వెంటనే "ఎక్కడికెళ్దామో నువ్వే చెప్పు తల్లీ" అంటారు, ఇక మాల్, అందులో ప్లే జోను, బయట తిండి, వచ్చేటప్పుడు చెరో బొమ్మ. కూర్చుని లెక్కేస్తే జీతంలో ఐదో వంతు వీకెండ్లకే పోతోందట. ఏడు నెలలుగా క్రెడిట్ కార్డు మీద మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టి తీరాల్సిన మొత్తం, మాత్రమే కడుతున్నారు. ఆవిడ ఎక్సెల్ షీట్ వేసి చూపిస్తే ఆయన "నేను చిన్నప్పుడు పడ్డది నా పిల్లలు పడకూడదు" అని లేచి వెళ్ళిపోయారు. ఆడపడుచు వచ్చినప్పుడల్లా ఖరీదైన బొమ్మలు తెస్తుంది, అవి రెండ్రోజుల్లో మంచం కిందకి చేరతాయి. క్రితం నెల చుట్టాలందరూ కూర్చుని ఉండగా పాప "మా అమ్మానాన్న దగ్గర డబ్బుల్లేవు" అనేసింది, ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఖర్చు తగ్గిస్తే పిల్లలకి అన్యాయం చేసినట్టా, ఆయనకి ఎలా చెప్పాలి, రెండు నెలల్లో పాప పుట్టినరోజు ఉంది క్లాసులో అందరూ హాల్ తీసుకుని చేస్తున్నారు మేమేం చేయాలి, ఇవీ ప్రశ్నలు. అన్నిటికంటే కింద ఇంకో పెన్నుతో రాసి ఉంది: "అవన్నీ తర్వాత, ముందు ఈ ఆదివారం ఏం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మూడో పేజీలో ఒక చోట ఆగిపోయా. అక్కడ మీరు అసలు విషయం ఏమీ చెప్పట్లేదు, ఇల్లు చెత్తగా ఉందని విసుక్కుంటున్నారంతే. పాత వాషింగ్ మెషిన్ పోతే కొత్తది తీసుకున్నాం, దాని అట్టపెట్టె తొమ్మిది రోజులుగా హాల్లో పడుంది, పారేద్దామంటే ఇద్దరూ ఏడుపు, దానికి కిటికీ కోశారు, లోపల దిండు వేసుకున్నారు, అన్నం కూడా అందులో కూర్చునే తింటామంటున్నారు, ఏం చేయాలో అర్థం కావట్లేదు, అని రాశారు. అంతకు ముందు పేజీలోనే ప్లే జోన్లో గంట అయ్యేసరికి ఇద్దరూ అలిసిపోయి ఏదో ఒకదానికి కొట్టుకుంటారని రాశారు. అక్కడ గంటకే కొట్లాట, ఇక్కడ తొమ్మిది రోజులైనా వదలట్లేదు, మీ మొదటి ప్రశ్నకి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది కదా. అమెరికాలో బొమ్మలకనే ఒక మ్యూజియం ఉంది, ఏటా కొన్ని ఆటవస్తువుల్ని ఎంపిక చేసి అందులో గౌరవంగా చేర్చుకుంటారు. 2005లో అట్టపెట్టెని చేర్చారు, 2008లో కర్రపుల్లని, 2011లో దుప్పటిని, 2021లో ఇసుకని. పెద్దవాళ్ళు కమిటీలేసుకుని తేల్చిన సంగతి మీ పిల్లలు ఏడ్చి చెప్తున్నారు, అంతే తేడా. దయచేసి ఆ పెట్టె పారేయకండి, చివర్లో దాంతో పనుంది.

కాబట్టి అన్యాయం సంగతి మర్చిపోండి. ఆ వయసు పిల్లలకి కొత్త కొత్త చోట్లు కావాలని మనం అనుకుంటాం గానీ వాళ్ళకి కావాల్సింది చేసిందే మళ్ళీ చేయడం. మీ బాబు చెప్పిన కథే ఇరవైసార్లు చెప్పమంటాడా లేదా? అదే. మీ ఆడపడుచు బొమ్మలు మంచం కిందకి పోవడానికి కూడా కారణం ఉంది. 2018లో అమెరికాలోనే టొలీడో యూనివర్సిటీ వాళ్ళు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ లోపు పిల్లలు 36 మందిని తీసుకుని చూశారు, ఒకసారి ముందర 4 బొమ్మలు పెట్టి, ఇంకోసారి 16 పెట్టి. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, రకరకాలుగా ఆడారు. పదహారు పెడితే ఒకటి తీయడం, పడేయడం, ఇంకోటి తీయడం. చిన్న స్టడీనే, పైగా మీ పిల్లలు వాళ్ళకంటే పెద్దవాళ్ళు, కానీ ఇంట్లో పిల్లల్ని చూసిన ఎవరికైనా ఇది ఇట్టే నమ్మబుద్ధవుతుంది. మంచం కింద ఉన్నవన్నీ తీసి మూడు సంచుల్లో కట్టి రెండు సంచులు అటక మీద పెట్టేయండి, మూడు వారాలకొకసారి సంచి మార్చండి. అటక దిగిన బొమ్మకి కొత్తగా కొన్న బొమ్మకున్నంత మర్యాద జరుగుతుంది, చూడండి. ఆడపడుచుని మాత్రం ఏమీ అనకండి, ఆవిడ ప్రేమ ఆవిడది, ఈసారి ఫోన్ చేసినప్పుడు "వదినా, ఈసారి బొమ్మ వద్దు, ఒక పూట వచ్చి వీళ్ళతో ఉండు" అని అడిగి చూడండి, కాదంటే నష్టమేం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఒక మాట రాశారు, "ప్లే జోన్లో ఉన్న ఆ గంటే మేమిద్దరం కుర్చీల్లో కూర్చునేది, అప్పుడే నాలుగు మాటలు మాట్లాడుకునేది". నన్నడిగితే మీరిద్దరూ డబ్బులిచ్చి కొంటున్నది ఆ గంట. టికెట్ పిల్లల పేరు మీదుంది గానీ సరుకు మీది. ఇది తప్పని నేననట్లేదు, ఆరేళ్ళది ఒకటి మూడేళ్ళవాడు ఒకడు ఇంట్లో ఉంటే వారానికి ఒక్క గంటైనా ఎవరో ఒకరు వాళ్ళని చూసుకుంటే బావుండునని ఏ తల్లికి అనిపించదు? కానీ ఇది తెలియకుండా ఖర్చు తగ్గించడం మొదలుపెడితే ఏమవుతుందో చెప్తా. మొదటి వారం ఉత్సాహంగా ఉంటుంది, రంగులు, కత్తెరలు, కాగితాలు. రెండో వారం ఇల్లంతా జిగురు. మూడో వారం ఆదివారం మధ్యాహ్నానికి మీకు తల పగిలిపోతుంది, అప్పుడు మీరే "పదండి ఎక్కడికైనా పోదాం" అంటారు. మా ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగింది, పిల్లలు చిన్నప్పుడు ఒకే నెలలో అన్నీ మానేద్దామని నేను శపథం పట్టా, మూడో ఆదివారం మా వారు చెప్పులేసుకుని బయటికెళ్ళి పిల్లవాడు ఎక్కి తొక్కే పెద్ద బండి ఒకటి పట్టుకొచ్చారు, ఆ నెల మిగిల్చిందంతా దాని చక్రాల కింద పోయింది. ఎవర్నని ఏం లాభం, ఆ మనిషికి కూడా ఊపిరాడలేదు.

అందుకని ముందు మీ ఇద్దరి రెస్ట్ ఎక్కడ్నుంచి వస్తుందో తేల్చుకోండి, తర్వాతే పిల్లల సరదా. నాకు తోచిన దారులు చెప్తా, దేనికుండే ఇబ్బంది దానికుంది.

ఒకటి, రెండు నెలలు పూర్తిగా బంద్. కార్డు బాకీ కోసమైతే ఇదే త్వరగా పనిచేస్తుంది. మీ స్టేట్‌మెంట్లో వడ్డీ నెలకి 3 శాతం అని రాశారు. వినడానికి మూడే గానీ వడ్డీ మీద వడ్డీ పడుతుంది కదా, ఏమీ కట్టకుండా వదిలేస్తే 100 కాస్తా ఏడాదికి 142 దాటుతుంది. దానికి తోడు చాలా కార్డుల్లో పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకినదానికి మామూలుగా ఇచ్చే వడ్డీలేని రోజులు కూడా ఉండవు, గీకిన రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. అంటే మీరు మొన్న ఆదివారం తిన్న తిండికి ఇప్పటికీ వడ్డీ కడుతున్నారన్నమాట. బంద్ పెడితే ఆ రంధ్రం పూడుతుంది, కాకపోతే ఆయన్ని ఒప్పించకుండా మీరొక్కరే పెడితే ఇంట్లో మీరు విలన్ అయిపోతారు, పిల్లలు కూడా "నాన్న మంచోడు, అమ్మ వద్దంటుంది" అని పేరు పెట్టేస్తారు. ఆ పేరు ఒకసారి పడితే చాలా ఏళ్ళుంటుంది.

రెండు, నెలకి ఒక్కసారి డబ్బు పెట్టి బయటికి, మిగతా వారాలు ఊరికే. ఆ ఒక్కసారికి అయ్యేది నెల మొదట్లోనే నోట్ల రూపంలో కవర్లో పెట్టేయండి, కార్డు ఇంట్లో వదిలి వెళ్ళండి. కవరు ఆయన చేతికివ్వండి, ఎక్కడికో ఎప్పుడో ఆయన్నే తేల్చమనండి. పిల్లలకి క్యాలెండర్లో ఆ రోజు చుట్టూ సున్నా చుట్టమనండి. ఎదురుచూడటం కూడా సరదాలో భాగమే, పాప ఆ మూడు వారాలూ దాని గురించే మాట్లాడుతుంది, ఇప్పుడు వారం వారం వెళ్తుంటే ఆ మాటలే లేవు కదా. దీంట్లో ఇబ్బంది ఏంటంటే బాకీ మెల్లగా తగ్గుతుంది, పైగా మొదటి నెలలో ఇంకెన్నాళ్ళు ఇంకెన్నాళ్ళు అని ప్రాణాలు తీస్తారు. నా మనసు ఇటే మొగ్గుతోంది, దాచుకోను. కానీ వడ్డీ చూస్తే ముందు బంద్, తర్వాత ఇది అన్నా తప్పు లేదు, మీ బాకీ ఎంతో మీకే తెలుసు.

మూడోది ఈ రెంటిలో దేంతోనైనా కలుపుకోవచ్చు. ఆదివారం పొద్దున పూట ఆయనది, సాయంత్రం మీది. ఆయన పూటలో మీరు పడుకోండి, పుస్తకం చదువుకోండి, స్నానం గంటసేపు చేయండి, మీ ఇష్టం, తలుపు మాత్రం తీయకండి. ఆయన వాళ్ళని సరిగ్గా చూసుకోరు, తల దువ్వరు, బాబుకి చొక్కా తిరగేసి వేస్తారు, వేయనివ్వండి. మీరు మధ్యలో వెళ్ళి సర్దితే ఆ పూట మళ్ళీ మీదే అయిపోతుంది. పక్కింట్లో ఇదే వయసు పిల్లలుంటే వాళ్ళతో మార్పిడి పెట్టుకోవచ్చు, ఒక శనివారం వాళ్ళ పిల్లలు మీ ఇంట్లో, ఇంకో శనివారం మీ వాళ్ళు వాళ్ళింట్లో. విచిత్రం ఏంటంటే ఇద్దర్ని చూసుకోవడం కంటే నలుగుర్ని చూసుకోవడమే సుళువు, వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటారు, మీరు తగువులు తీర్చడానికి తప్ప పనికిరారు.

మీరు మళ్ళీ ఉద్యోగంలో చేరాలా అనేది కూడా అడిగారు గానీ ఒక్క లైన్లో అడిగి వదిలేశారు. పిల్లల్ని చూసుకునే మనిషికయ్యే ఖర్చు, రాకపోకల ఖర్చు తీసేస్తే ఎంత మిగులుతుందో ఆ ఎక్సెల్లోనే ఒక కాలమ్ వేయండి, ఈ రెండేళ్ళకి కాదు, ఐదేళ్ళకి వేసి చూడండి, అంకె మారిపోతుంది. దాని గురించి ఇంకో ఉత్తరం రాయండి, ఇందులో ఇరికించే విషయం కాదది.

ఆయన సంగతికొద్దాం. మీరు కోపంలో రాశారు, "అదే మనిషి రాత్రిళ్ళు పిల్లలకి తన చిన్నప్పటి కథ చెప్తాడు, పాత టైరు పుల్లతో కొట్టుకుంటూ వీధి చివరిదాకా పరిగెత్తేవాడినని, పడి మోకాలు చెక్కుకుపోయినా టైరు ఆగలేదని, చెప్తూ చెప్తూ తనే నవ్వుతాడు, మరి అప్పుడు డబ్బులెవరు పెట్టారు?" అని. పాయింటు బాగుంది, కానీ ఆ మాట ఆయనతో అనకండమ్మా. వాదనలో మీరు గెలుస్తారు, ఆ తర్వాత ఆయన ఆ కథ చెప్పడం మానేస్తారు. పైగా అది సగం నిజమే. టైరు గుర్తొచ్చి నవ్వే మనిషికే, క్లాసులో ఫీజు కట్టలేదని నిలబెట్టిన రోజో ఇంకోటో కూడా గుర్తుండి ఉంటుంది, అది పిల్లలకి చెప్పరు, మీకు కూడా చెప్పారో లేదో. ఆయన భయం అది. సరదా లేకపోవడం కాదు, నలుగురిలో చిన్నబోవడం. ఎక్సెల్ షీట్ చూడగానే లేచిపోయింది కూడా అందుకే అయ్యుంటుంది, ఆ గడుల్లో ఆయనకి ఖర్చు కనపడలేదు, తను సరిపోవట్లేదని కనపడింది. ఒక్క జీతం తెచ్చే మనిషికి ఆ లెక్క ఎలా వినపడుతుందో ఆలోచించండి.

కాబట్టి షీట్ పక్కన పెట్టి, పిల్లలు పడుకున్నాక, "ఈ కార్డు బాకీ తల్చుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు, నాకు సాయం చేయి" అనండి. నువ్వు ఇంత తగలేశావు అనేదానికీ దీనికీ దూరం చాలా ఉంది. ఇంకోటి, ఆ టైరు ఒకటి తెచ్చి పాపకి నేర్పించమనండి. వాదన కోసం కాదు, నిజంగానే నేర్పించమనండి. ఏ సైకిల్ షాపులోనైనా పారేసే టైరు ఇస్తారు. ఆయన మీ మాట వినకపోవచ్చు, అలాగే కార్డు గీకుతూ ఉండొచ్చు, అప్పుడు కార్డు లిమిట్ తగ్గించమని బ్యాంకుకి ఇద్దరూ కలిసి చెప్పడం అనే మెట్టు ఉంది. ఆయనకి తెలీకుండా మాత్రం ఏదీ చేయొద్దు, డబ్బు దగ్గర ఒకసారి దాపరికం మొదలైతే దానికి అంతుండదు.

పాప అన్న మాటకి అంత కుమిలిపోకండి. ఆరేళ్ళ పిల్లకి "డబ్బుల్లేవు" అనేది "ఇవాళ వాన పడుతోంది" లాంటి వార్త. సిగ్గు మనది, దానిది కాదు. అయితే ఆ మాట దానికి ఎక్కడ దొరికింది? గోడకవతల మీరిద్దరూ గొడవ పడుతుంటే విని ఉంటుంది, అదే నా అనుమానం. అలా సగం సగం విన్న మాటే పిల్లల్ని భయపెట్టేది, లేవంటే ఎంత లేవు, అన్నం ఉంటుందా, ఇల్లుంటుందా, దాని బుర్రలో అదంతా తిరుగుతుంది, బయటికి మాత్రం ఒక్క ముక్కే వస్తుంది. అందుకని చెప్పడం మానేయొద్దు, మాట మార్చి చెప్పండి. "లేవు" అనే చోట "ఈ నెల దానికి పెట్టట్లేదు, దీనికి పెడుతున్నాం" అనండి. ఇల్లు, తిండి, బడి వీటికి ఉన్నాయి, అవెప్పుడూ ఉంటాయి, అది మొదట చెప్పండి. తర్వాత నెలకి ఒక్కసారి దాని చేతిలో చిల్లర పెట్టి, రెండు వస్తువులు చూపించి, ఒక్కటే వస్తుంది ఏదో తేల్చుకో అనండి. పది నిమిషాలు షాపులో నిలబడి చెమటలు పడుతుంది పాపం, తొందరపెట్టకండి. తప్పు వస్తువు కొనుక్కుని ఇంటికొచ్చి ఏడ్చినా సరే, ఆ ఏడుపు ఇప్పుడైతే చిల్లరతో పోతుంది.

పుట్టినరోజు. హాల్ తీసుకోవచ్చు, తీసుకుంటే మీ రెండు నెలల పొదుపు ఒక సాయంత్రంలో పోతుంది, అది తెలిసి తీసుకుంటే తప్పు లేదు, కార్డు మీద మాత్రం వద్దు. లేదా అస్సలు చేయకుండా ఉండొచ్చు, ఆరు నిండి ఏడొచ్చే పిల్లకి అది బాధే, దాన్ని దాటించడం మీకు కష్టం. మధ్యలో ఇంకో దారి ఉంది, చాలామంది తల్లులు వాడే లెక్క, ఎన్నేళ్ళు నిండితే అంతమంది స్నేహితులు. ఏడుగురు. ఇంట్లోనో దగ్గర్లో పార్కులోనో రెండు గంటలు, అంతకు మించి వద్దు, రెండున్నరో గంటకి ఎవరో ఒకరు ఏడుస్తారు. ఇంట్లో వస్తువు దాచి గుర్తులు రాసిన చీటీలు పెట్టి వెతికించే ఆట ఒక్కటి చాలు, చీటీలు పాపనే రాయమనండి, దానికి వారం రోజుల పని దొరుకుతుంది. క్లాసంతా పిలవకపోతే ఎవరైనా అనుకుంటారా అంటే, అనుకుంటారు, రెండ్రోజులు. ఆ తల్లుల్లో కనీసం ఇద్దరు లోపల్లోపల హమ్మయ్య అనుకుంటారు, వాళ్ళకీ ఇక హాల్ తీసుకోనక్కర్లేదు కదా.

పొదుపు పేరుతో కొన్ని చోట్ల చేయి పెట్టకూడదు, బాబు మూడేళ్ళ వాడు కాబట్టి చెప్తున్నా. వీధిలో చవగ్గా దొరికే లైట్ల బొమ్మల్లో బటన్ బ్యాటరీలుంటాయి, వాటి మూతకి స్క్రూ లేకపోతే ఇంటికి తేకండి, ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు కింద గొట్టాన్ని లోపల కాల్చేస్తుంది. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగు పూసలు కూడా అంతే, కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి. టాయిలెట్ పేపర్ చుట్టి ఉండే అట్టగొట్టం ఉంటుంది కదా, అందులోంచి జారిపోయే వస్తువేదైనా బాబు గొంతుకి ప్రమాదమే అనుకోండి. వాడిన బట్టలు, సైకిళ్ళు, పుస్తకాలు ఎవరిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకోండి, హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి, ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉంటుంది లోపల పనికిరాదు. బట్టలు ఒక సైజు పెద్దవి తీసుకోవచ్చు, ఈ వయసులో ఏడాదికి ఆరు సెంటీమీటర్లు అటూ ఇటూగా ఎదుగుతారు. బూట్లు అలా కాదు, ముందు వేలు దగ్గర ఒక సెంటీమీటర్ ఖాళీ చాలు, రెండేళ్ళొస్తాయని పెద్దవి కొంటే పడతారు.

ఫోన్ గురించి మీరు అడగలేదు గానీ అన్నిటికంటే చవకైన సరదా అదే కాబట్టి ఖర్చు ఆపగానే ఇల్లు అటు జారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం మూడు నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి స్క్రీన్ గంటకి మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది, ఒంటికి పని చెప్పే ఆటలు రోజు మొత్తం మీద 180 నిమిషాలుండాలి. మూడు గంటలా అని గుండె పట్టుకోకండి, మెట్లెక్కడం, మంచం మీంచి దూకడం అన్నీ అందులోకే వస్తాయి. "బోర్ కొడుతోంది" అంటే వెంటనే ఏదీ ఇవ్వకండి. ఒక పావుగంట ఆ మాట గాల్లో ఉండనివ్వండి, పడుకుని దొర్లుతారు, మూలుగుతారు, తర్వాత ఏదో ఒకటి కనిపెడతారు. ఆ పావుగంట భరించడమే మన పని.

బాబుకైతే చిన్న బకెట్ నీళ్ళు, గోడలకి రంగులేసే పాత బ్రష్ ఒకటి ఇచ్చి ఎండలో గోడ దగ్గర కూర్చోబెట్టండి. మా చిన్నదానికి దాంతో ఒక వేసవంతా గడిచింది. నీళ్ళతో గోడ మీద గీత గీస్తే నల్లగా తడిగా కనపడుతుంది, మా పిల్ల పక్కన ఇంకో గీత గీసేలోపు మొదటిది అంచుల్నుంచి లోపలికి ఆరిపోతూ మాయమయ్యేది, మళ్ళీ గీసేది, మళ్ళీ పోయేది, పని అవ్వదు, అందుకే లేవదు. ఫ్రీజర్ ఉంటే ముందు రోజు రాత్రి గిన్నెలో నీళ్ళు పోసి ఒక ప్లాస్టిక్ జంతువుని అందులో వేసి గడ్డకట్టించండి, పొద్దున ఆ మంచుగడ్డ, చెంచాడు ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు ఇచ్చి బొమ్మని విడిపించమనండి. ఉప్పు పడ్డ చోట మంచు త్వరగా కరిగి గుంటలు పడతాయి, అది వాళ్ళే కనిపెట్టాలి, మీరు చెప్పకండి. పాపకైతే చంద్రుడి డ్యూటీ ఇవ్వండి, రోజూ రాత్రి ఎలా ఉన్నాడో ఒక కాగితం మీద బొమ్మ వేయాలి. రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కాబట్టి కొన్ని రోజులయ్యాక అది పడుకునే టైముకి కనపడడు, అప్పుడు పొద్దున్నే ఆకాశంలో వెతకాలి, పగలు చంద్రుడు కనపడితే ఇల్లంతా లేపుతుంది, ఆదివారం నిద్ర మీద ఆశ వదులుకోండి. చుట్టూ తిరిగి మళ్ళీ అదే ఆకారానికి రావడానికి 29న్నర రోజులు పడుతుంది, సరిగ్గా మీ కవరు తిరిగొచ్చే టైముకి.

ఇక ఈ ఆదివారం. ఆ అట్టపెట్టెలో ఒక పక్క అట్ట, కిటికీకి సరిపోయేంత, కోయండి, మిగతా పెట్టె వాళ్ళకే వదిలేయండి, లేకపోతే యుద్ధం. బయట బాగా ఎండ ఉన్న టైములో, చెట్టో వీధో కనపడే కిటికీ ఉన్న గది చూసుకోండి. కిటికీలన్నీ దుప్పట్లతో, అట్టలతో మూసేయండి, తలుపు కింద కూడా గుడ్డ కుక్కండి, చీకటి ఎంత ఉంటే అంత మంచిది. వీధి వైపు కిటికీకి పెట్టెలోంచి కోసిన అట్ట పెట్టి, ఆ ఒక్క అట్టలో మాత్రం చిటికెన వేలు పట్టేంత, సుమారు సెంటీమీటర్ వెడల్పు గుండ్రటి చిల్లు పెట్టండి. అందరూ లోపల కూర్చుని ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా ఉండండి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి. మెల్లగా ఎదురు గోడ మీద వీధి కనపడుతుంది, తలకిందులుగా. ఆకాశం కింద, చెట్టు పైన, మనుషులు కాళ్ళు పైకి పెట్టి నడుస్తుంటారు, ఆకులు కదులుతుంటాయి, రంగులతో సహా. వెలుతురు తిన్నగానే వస్తుంది కదా, చెట్టు తల మీంచి వచ్చింది చిల్లు దాటి కిందకి పోతుంది, వేళ్ళ దగ్గర్నుంచి వచ్చింది పైకి పోతుంది, అంతే లెక్క, కెమెరా లోపల జరిగేదీ ఇదే. గోడ తెల్లగా లేకపోతే తెల్ల దుప్పటి కట్టండి. బొమ్మ మసగ్గా ఉంటే చిల్లు కొంచెం చిన్నది చేయండి, మరీ చీకటిగా ఉంటే కొంచెం పెద్దది. ఆయన్ని వీధిలోకి పంపి అక్కడ ఆ టైరు తిప్పమనండి, పిల్లలు లోపల గోడ మీద చూస్తారు. చిల్లులో కన్ను పెట్టి సూర్యుడి వైపు మాత్రం చూడనివ్వకండి, చూసేది గోడనే. గది తొందరగా వేడెక్కుతుంది, పది పదిహేను నిమిషాలకి ఒకసారి తలుపు తీయండి.